కొమ్ముపిడి కత్తి

ఆదివారం తెల్లవారక ముందే కిష్టమ్మ సానరాయిని నీళ్ళతొట్టిలోంచి తీసి గడప పక్కన గోనెపట్టా మీద పెట్టింది. రాయి రాత్రంతా నానింది. పొడిరాయి మీద కత్తి గీరుకుంటుంది. నానిన రాయి మీద చప్పుడు కూడా మెత్తగా వస్తుంది. ఆమె రాయి మీద మళ్ళీ కాసిని నీళ్ళు చిలకరించి, కత్తిని పడుకోబెట్టి, రెండు వేళ్ళు దాని మీద ఆనించింది. వెన్నూ, పదునుండే వాదరా రెండూ రాయిని తాకుతుండాలి. వాదర ముందుండేటట్టు తోసింది. చివరికి వచ్చాక వెన్ను మీద తిప్పి, మళ్ళీ వాదర ముందుండేటట్టు తనవైపుకు లాగింది. ఎక్కడా ఒత్తడం లేదు. కత్తి బరువే కత్తికి చాలు.

ఈరన్న గోడకు ఆనుకొని చూస్తున్నాడు. వెదురుబద్దలు పెట్టి కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఒకరి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయడానికి బీచుపల్లి పోయి వస్తుంటే పటేల్ ఇంటి బండి చక్రం రాతి మీదికెక్కి ఒరిగింది. తల్లీబిడ్డలకు ఏమీ కాలేదు. ఈరన్న మణికట్టు విరిగింది. కట్టు కట్టినాయన, జొన్నకోతల దాకా కత్తి ముట్టవద్దని చెప్పి పోయాడు.

"ఇంక నూరుడెందుకు?" అన్నాడు ఈరన్న. "ఎవరికి చెయ్యాలని?"

"ఐతారం గద," అంది కిష్టమ్మ.

పాపిట దగ్గరి వెంట్రుక ఒకటి పీకి, రెండు వేళ్ళతో కొస పట్టుకొని, వాదర మీదికి దించింది. వెంట్రుక తెగి గోనెపట్టా మీద పడింది. తెగిన చప్పుడు లేదు. ఆమె తల ఊపి, కత్తిని తుడిచి, పొదిలో పెట్టింది.

ఆ తోలు పొదిలో మూడు కత్తులున్నాయి. ఇప్పుడు నూరింది ఈరన్నది. ఏళ్ళ తరబడి అరిగి దాని రేకు సన్నబడింది. రెండోది గుండ్లకు వాడే మోటుకత్తి. మూడోది పాత పంచెగుడ్డలో చుట్టి ఉంటుంది. కొమ్ముపిడి, వెడల్పు రేకు. జర్మనీది. కొడుకు తిమ్మప్పకు మీసాలు మొలుస్తున్నప్పుడు రాయచూరులో కొన్నారు. అదే ఏడు గత్తర రోగం వచ్చి తిమ్మప్ప పోయాడు. ఆ కత్తి ఎవరి చెంపనూ తాకలేదు. అయినా ప్రతి ఆదివారం కిష్టమ్మ దాని గుడ్డ విప్పుతుంది. తోలుపట్టీ మీద అటూ ఇటూ సాగదీసి, చుక్క నూనె రాసి, మళ్ళీ చుడుతుంది. వాడని కత్తికి తుప్పు తొందరగా పడుతుందని ఒకసారి ఈరన్నతో అంది. అతను మళ్ళీ అడగలేదు.

ఆమె దాన్ని గుడ్డలో చుడుతుండగా బయట అడుగుల చప్పుడైంది. పటేల్ ఇంటి బండి తోలే ఖాజా వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"ఈరన్నా, చెయ్యి ఎట్లున్నది?"

"నీ బండి ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

"బండికి ఇరుసు మారిస్తిమి. నీకు ఇరుసు యాడ దేవాల్నే?" అని ఖాజా నవ్వబోయి, ఆగిపోయి, తన చెంపలు రుద్దుకున్నాడు. అతనికి గడ్డం కింద కుదురుగా పెంచి, చెంపలు నున్నగా గీయించుకోవడం అలవాటు. ఇప్పుడు చెంపల నిండా వెంట్రుకలు లేచాయి. "జూడు, గడ్డి మొలిచిన గట్టు లెక్కైన. ఇంట్ల సకీనాబీ నా మొఖం జూస్తలేదు."

"కూసో ఖాజా," అంది కిష్టమ్మ.

"కూసోను అక్కా. పటేల్ ఒక మాట చెప్పమన్నడు." అతను తలపాగా సర్దుకున్నాడు. "బుధవారం చిన్న పటేల్‌ను పెండ్లికొడుకును చేస్తరు గద. నన్ను గద్వాలకు పోయి మంగలి వెంకటన్నను తోలుకరమ్మన్నడు."

కిష్టమ్మ చేతులు పంచెగుడ్డ మీద ఆగిపోయాయి. వాళ్ళ ఊరు ఎర్రగట్టులో అది పాత పద్ధతి. పటేల్ ఇంటి పెండ్లిపందిట్లో ఏ మంగలి పొది విప్పి పెండ్లికొడుకు గడ్డం చేస్తాడో ఊరు అతనిది. కళ్ళాల దగ్గర ఇంటింటికీ కొలిచే మేర గింజలు అతనివి. హన్మంత్‌రెడ్డి పటేల్ పెండ్లికి పొది విప్పింది ఈరన్న తండ్రి. ఆ గింజలతోనే ఈ ఇల్లు నడిచింది.

"నాకేం ఎరుక లేదు ఈరన్నా," అన్నాడు ఖాజా. "నేను బండి తోలెటోన్ని."

"తోలుడు రాకనే గద గిట్లయింది," అన్నాడు ఈరన్న. కానీ కోపంగా అనలేదు.

*

ఆ పూటే ఈరన్నా కిష్టమ్మా పోయేసరికి పటేల్ వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. హన్మంత్‌రెడ్డి కుర్చీలో కూర్చొని మనుషులకు పని చెబుతున్నాడు. పెండ్లికొడుకు బుచ్చారెడ్డి గోలెం దగ్గర గోడకు చిన్న అద్దం తగిలించుకొని సొంతంగా గడ్డం గీసుకుంటున్నాడు. వనపర్తిలో చదువుకున్నప్పుడు అతనికి బ్లేడు మిషన్ అలవాటైంది. జర్మనీతో లడాయి మొదలైనప్పటి నుంచి బ్లేళ్ళు దొరకడం లేదు. ఉన్న ఒక్క బ్లేడునే గాజు గ్లాసు లోపల వేలితో అదిమి అటూ ఇటూ రుద్ది, పదును వచ్చిందనుకొని మళ్ళీ గీస్తున్నాడు. గదువ కింద రెండు చోట్ల రక్తం చుక్కలున్నాయి. గొంతు మీద ఎర్రగా పొక్కింది. కిష్టమ్మ ఆ గొంతు వైపు చూసి, కండ్లు తిప్పుకుంది.

"ఏమిరా ఈరన్నా, నొప్పి తగ్గిందా?" అన్నాడు పటేల్.

"తగ్గుతది పటేలా. జొన్నకోతలకు కత్తి పడత."

"మంచిది. ముహూర్తం గందాక ఆగుతదా మరి?"

ఈరన్న ఎడమచేత్తో తలగుడ్డ తీశాడు. "వెంకటన్న వచ్చి పెండ్లికొడుకును చేసి పోనీయుండ్రి. నేను అడ్డమా? మేర మాత్రం ఆయనకు రాయకుండ్రి పటేలా. ఈ ఒక్కపాలి."

"ఆ పద్ధతి నేను పెట్టిన్నా?" అన్నాడు హన్మంత్‌రెడ్డి. అతని గొంతులో కాఠిన్యం లేదు. "పందిట్ల పొది విప్పినోనిదే ఊరు. మా తాత చెప్పిండు, మా నాయిన చెప్పిండు. ఇయ్యాల నీ కోసం మార్చితె రేపు కమ్మరోడు వస్తడు, ఎల్లుండి కుమ్మరోడు వస్తడు. నాకు మాత్రం బాధ లేదా? ఈరన్న కత్తి అంటే కత్తే. మొన్న గద్వాల నుంచి వచ్చిన పోలీసు అమీన్ సాబ్ కూడ ఏమన్నడు? గీసినట్టే తెల్వలేదన్నడు. ఆ పదును నీ చేతిలనే ఉన్నదిరా."

కిష్టమ్మ గుంజల వైపు చూస్తూ నిలబడింది. ఆమె చేతివేళ్ళ సందుల్లో సానరాయి బురద ఇంకా పూర్తిగా పోలేదు.

"పటేలా," అంది. "కత్తి మా ఇంట్ల నడుస్తనే ఉన్నది."

"ఎవరు నడుపుతుండ్రు? నీ కొడుకు ఉంటే..." అని హన్మంత్‌రెడ్డి ఆగాడు. మాట మార్చాలనుకొని నవ్వాడు. "ఎవరు నడుపుతరే మరి, నువ్వా?"

గుంజ పట్టుకున్న మనుషులు నవ్వారు. "కిష్టమ్మ చేతికి మీసమిస్తె మూతి మిగులుతదా?" అన్నాడొకడు. మరొకడు, "బొడ్డు కోసినట్టు కోస్తది," అన్నాడు. ఈరన్న ముఖం నల్లబడింది.

"పద," అన్నాడు భార్యతో.

గడపలో నుంచి పటేల్ తల్లి సత్యమ్మ పిలిచింది. "కిష్టమ్మా, కోమటోళ్ళ కోడలు పాలిస్తున్నదా?"

"ఇస్తున్నదమ్మా. నిన్న పిల్లకు తానం పోసొచ్చిన."

"నీ చేతి చలవ," అంది ముసలామె. మొగుడు కత్తి పడితే పెండ్లాం మంత్రసాని కావడం మంగలి ఇండ్లలో ఆనవాయితీ. ఊళ్ళో పుట్టే బిడ్డలంతా కిష్టమ్మ చేతుల్లోకే వచ్చేవారు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

*

ఇంటికి వచ్చాక కిష్టమ్మ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను ఎడమచేత్తో తాగాడు. సగం నీళ్ళు గుండె మీద పడ్డాయి.

"నేను చేస్త," అంది.

"ఏంది?"

"చిన్న పటేల్‌కు నేను చేస్త. నువ్వు పక్కన నిలబడు. పొది నీదే, కత్తి నీదే."

"పిచ్చి లేసిందా? ఇంట్ల తలుపేసుకొని చేసుడు వేరు. పందిట్ల, మొగోళ్ళ నడుమ, పటేల్ కొడుకు గదువ పట్టుకుంటవా? ఊరు నవ్వుతది."

"మేర పోతె నవ్వరా?"

"నవ్వరు. అయ్యో అంటరు."

ఆమె పొయ్యిలో పిడక విరిచి వేసింది. "నాకు అయ్యో అనిపించుకునుడు రాదు," అంది చివరికి. "ఆ పొల్లగాని గొంతు జూసినవా? ఎదురు గీసి గీసి తోలు లేపుకున్నడు. వెంకటన్న మంచోడే గని ఆ గొంతు మీద ఆయన కత్తి నిలుస్తదో లేదో."

"నిలిస్తేంది, నిలవకుంటేంది," అన్నాడు ఈరన్న. "బుధవారం పొద్దుగాల పోయి ఊరు అప్పజెప్పి వస్త. గంతే."

మంగళవారం కత్తి ముట్టే రోజు కాదు. ఖాజా బండి గద్వాలకు పోయిందని నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. ఈరన్న రోజంతా అరుగు మీద కూర్చున్నాడు. పెరిగిన గడ్డం మీద అతని ఎడమచెయ్యి మాటిమాటికీ పోయింది. మంగలికి గడ్డం పెరగడం అతను తట్టుకోలేడు. ఇంట్లో తిండి లేకపోయినా ముఖం నున్నగా ఉండాలి. కొడుకు చనిపోయిన నెలలో మాత్రమే అతను కత్తిని దగ్గరికి రానివ్వలేదు.

బుధవారం ఇంకా మసకగా ఉండగానే అతను లేచి పీట వేసుకున్నాడు.

"గడ్డంతోని పోను," అన్నాడు. "ఊరు అప్పజెప్పేటోడు బిచ్చగాని లెక్క ఉండొద్దు."

కిష్టమ్మ తలుపు దగ్గరికి వేసింది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అతని ముఖం మీద కప్పి రెండు అరచేతులతో ఒత్తిపట్టింది. గుడ్డ చల్లబడే దాకా తీయలేదు. కొబ్బరిచిప్పలో సబ్బు ఉంది. సబ్బు కరువైనప్పటి నుంచి ఆమె అరిగిన ముక్కలన్నీ కరిగించి ఆ చిప్పలో గడ్డకట్టిస్తోంది. తడి కుంచెతో దాన్ని తిప్పితే మొదట బుడగలు లేచాయి. బుడగల నురగ పనికిరాదు. అవి అణిగి, మీగడలా చిక్కబడే దాకా తిప్పింది. తర్వాత ముఖం మీద గుండ్రంగా, వెంట్రుకలు లేచి నిలబడేటట్టు రాసింది.

ఊళ్ళో అందరి గడ్డాలూ ఈరన్న చేసేవాడు. ఈరన్న గడ్డం ఎవరు చేస్తారని ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆమె ఎడమ బొటనవేలితో చెంపను పైకి లాగి, కణత దగ్గర కత్తి ఆనించి, కిందికి దించింది. సన్నగా, ఎండాకు మీద చినుకు పడ్డట్టు, చప్పుడు వచ్చింది. వెంట్రుక ఎటు వాలితే కత్తి అటే పోయింది. గదువ దగ్గర కత్తి ఆగి, మళ్ళీ కొత్తగా మొదలైంది. "మింగు," అంది. అతను గుటక వేశాడు. గొంతు కాయ పైకి పోయినప్పుడు దాని కింద ఒక్క గీత గీసి తీసేసింది. పైపెదవి చివర రెండు వేళ్ళతో ముక్కు కొన ఎత్తిపట్టి మీసం అంచు సరిచేసింది. ఈరన్న కండ్లు మూసుకున్నాడు. అతని భుజాలు దిగాయి. ఆదివారం నుంచి మొదటిసారి అతను హాయిగా ఊపిరి వదిలాడు.

"అయింది," అంది ఆమె. తడిసిన పటిక ముక్క ముఖమంతా రుద్దింది.

అతను ఎడమచేత్తో చెంప తడుముకొని పొది అందుకోబోయాడు. తాళ్ళు చేతికి చిక్కలేదు. కిష్టమ్మ పొదిని, సబ్బుచిప్పను సంచిలో వేసుకొని ముందు నడిచింది.

*

పందిట్లో జనం నిండుగా ఉన్నారు. నడుమ ముగ్గు వేసి పీట పెట్టారు. పసుపునీళ్ళ బిందెలు వరసగా ఉన్నాయి. వెంకటన్న అప్పుడే బండి దిగాడు. నడివయసు మనిషి, దుమ్ము పట్టిన కోటు, చంకలో పొది. ఈరన్నను చూడగానే ఎదురు వచ్చాడు.

"అన్నా, నీ చెయ్యి గిట్లయిందని ఖాజా చెప్పిండు. ఇంట్ల కత్తి పట్టేటోళ్ళు లేరన్నడు. ఉంటె నేను రాకపోదును."

"నాకెరుకనే తమ్మీ," అన్నాడు ఈరన్న. "నీ తప్పేమున్నది?"

వెంకటన్న అతని భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, ఆగిపోయి, ఈరన్న ముఖంలోకి చూశాడు. ఏమీ అడగకుండానే వేళ్ళ వెనుకవైపుతో గదువ కింది నుంచి చెంప దాకా, వెంట్రుక వాలుకు ఎదురుగా, నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. ఇంకోవైపు చూశాడు. చెవి కింద మడతలో వేలు పెట్టి చూశాడు.

"ఇది ఇయ్యాల చేసిందే," అన్నాడు.

"ఆ."

"ఎవరు చేసిన్రన్నా?"

హన్మంత్‌రెడ్డి పందిరి గుంజ దగ్గర నుంచి, "తొందరగా కానీయుండ్రి," అన్నాడు.

"ఎవరన్నా?" అన్నాడు వెంకటన్న మళ్ళీ. "మా గద్వాలల గిట్ల చేసెటోన్ని నేను జూడలే."

ఈరన్న పందిట్లో ఉన్న మగవాళ్ళను చూశాడు. ఆదివారం నవ్వినవాళ్ళు అక్కడే ఉన్నారు. అతను భార్య వైపు చూడలేదు. కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకొని నిలబడ్డాడు.

"కిష్టమ్మ," అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వుండ్రి," అన్నాడు ఈరన్న. "ఇయ్యాల ఒక్కనాడు గాదు. లగ్గమైన కాన్నుంచి నా గడ్డం ఆమెనే చేస్తది. కత్తులు నూరేది గూడ ఆమెనే. ఈరన్న కత్తి, ఈరన్న కత్తి అంటరు గద పటేలా, ఆ పదును నా చేతిది గాదు. ఆమెది."

వెంకటన్న చంకలోని పొదిని తాళ్ళు ముట్టకుండానే భుజానికి తగిలించుకున్నాడు.

"పటేలా, నేను పొది విప్పను."

"ఏంది?" అన్నాడు హన్మంత్‌రెడ్డి.

"ఇంట్ల కత్తి నడుస్తున్న ఊళ్ళె బయటి మంగలి పొది విప్పొద్దు. అది మా కులం కట్టుబాటు. విప్పితె నాకు మా ఇండ్లల్ల మంచినీళ్ళు పుట్టయి."

"ఆడది నడిపితె అది నడిసినట్టారా?"

"ఎవరు పట్టిన్రో కత్తికెట్ల తెలుస్తది పటేలా?" అన్నాడు వెంకటన్న. "చెంపకు తెలుస్తది. నమ్మకం లేకుంటె నేనే కూసుంట." అతను కోటు విప్పి, పెండ్లికొడుకు పీటకు దూరంగా, పందిరి అంచున మట్టి మీద కూర్చున్నాడు. "వదినా, రాత్రంత బండిల దుమ్ము తిన్న. జర చేస్తవా?"

కిష్టమ్మ ఈరన్నను చూసింది. ఈరన్న సంచిలో నుంచి ఎడమచేత్తో సబ్బుచిప్ప తీసి ఆమెకు అందించాడు.

ఆమె వెంకటన్న ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. పందిట్లో మాటలు మెల్లగా తగ్గాయి. సన్నాయి వాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు. కత్తి చప్పుడు అందరికీ వినబడింది. పని పూర్తయ్యాక వెంకటన్న వెంటనే లేవలేదు. ముఖం తడుముకుంటూ కూర్చున్నాడు.

"మా నాయిన పోయినంక నాకు గిట్ల ఎవరూ చెయ్యలే," అన్నాడు. "నేను అందరికి చేస్త. నాకు చేసెటోడు ఏడి?"

హన్మంత్‌రెడ్డి బిందెల వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు. ముహూర్తం దగ్గరపడుతోంది. ఏమీ తేల్చుకోలేక కొడుకును చూశాడు.

"మొగోళ్ళందరు జూస్తుంటె ఆడామె చేతికి గదువ ఎట్ల ఇయ్యాలె?" అన్నాడు బుచ్చారెడ్డి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

గడపలో కట్టె చప్పుడైంది. సత్యమ్మ మెల్లగా పందిట్లోకి వచ్చింది.

"ఎట్ల ఇయ్యాల్నా? నీ తల మొదలు పట్టుకున్నది ఎవరనుకున్నవ్‌రా? మీ నాయిన గాదు, నేను గాదు. నువ్వు అడ్డం తిరిగితివి. పొద్దు పొడిస్తె మీ అమ్మ బతకదన్నరు. ఈమె అప్పుడు నిండు నెలల మనిషి. తన కడుపు తను మోసుకుంట వచ్చి, నీ తల ఈ రెండు చేతులల్ల పట్టుకొని లోకంలకు తెచ్చింది. అప్పుడు అడ్డం రాని సిగ్గు ఇప్పుడు యాడికెల్లి వచ్చె?"

"అవ్వా..." అన్నాడు బుచ్చారెడ్డి.

"కూసో పీట మీద."

అతను తండ్రి వైపు చూశాడు. హన్మంత్‌రెడ్డి తల ఒకవైపుకు తిప్పుకున్నాడు. అది ఒప్పుకున్నట్టే. బుచ్చారెడ్డి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

లోపలి నుంచి ఎవరో సికింద్రాబాదు నుంచి తెప్పించిన వాసన సబ్బు తెచ్చి ఇచ్చారు. కిష్టమ్మ వాసన చూసి పక్కన పెట్టింది. "పుండ్ల మీద మండుతది," అంది. వేడినీళ్ళు అడిగి, గుడ్డ ముంచి, అతని గదువకూ గొంతుకూ చుట్టి, పైన అరచేతులు పెట్టింది. పెట్టి ఊరికే కూర్చుంది. గుడ్డ చల్లబడితే మళ్ళీ ముంచి చుట్టింది.

"ఇంక మొదలుపెట్టు," అన్నాడు హన్మంత్‌రెడ్డి.

"మొదలుపెట్టిన పటేలా," అంది ఆమె.

గుడ్డ తీసి గొంతు మీద పొక్కులను వేలి కొసలతో చూసింది. కండ్లతో కంటే వేళ్ళతోనే ఎక్కువ చూసింది. వెంట్రుక ఎటు వాలిందో, ఎక్కడ సుడి తిరిగిందో, ఏ పొక్కు కింద వెంట్రుక లోపలికే వంగి ఉందో తడిమి తెలుసుకుంది. చిప్పలో నురగ చిక్కబరిచి రాసింది. పొదిలో చెయ్యి పెట్టింది. ఈరన్న కత్తి మీద ఆమె వేళ్ళు ఆగాయి. ఇప్పుడే వెంకటన్న మోటుగడ్డం దింపిన కత్తి అది. ఈ గొంతుకు అది చాలదు.

వేళ్ళు కిందికి పోయి పాత పంచెగుడ్డను పట్టుకున్నాయి.

ఆమె గుడ్డ విప్పినప్పుడు కొమ్ముపిడి ఎండకు మెరిసింది. ఈరన్న ఒక అడుగు ముందుకు వేసి, ఆగాడు. పందిట్లో ఇంకెవరికీ అది ఏ కత్తో తెలియదు. ఆమె దాన్ని తోలు మీద అటూ ఇటూ సాగదీసి, అరచేతి మీద ఒకసారి మెల్లగా నడిపింది. బుచ్చారెడ్డి కణత దగ్గర ఆనించింది.

చప్పుడు దాదాపు లేదు. నురగ ఒక్క గీతలో తొలగి, కింద శుభ్రమైన చర్మం కనిపించింది. ఆమె కత్తిని కొద్దిగా లేపి, ఏ మాత్రం నొక్కకుండా, చిన్న చిన్న అడుగులతో గదువ దాకా దింపింది. పొక్కులున్న చోట చర్మాన్ని లాగలేదు. వాటి పక్క నుంచి, బిడ్డ కండ్లకు కాటుక పెట్టినంత నెమ్మదిగా, వాలు చూసుకుంటూ పోయింది. "మింగు బిడ్డా," అంది. అతను గుటక వేశాడు. మొదట బిగుసుకొని ఉన్న అతని మెడ కొంచెం కొంచెంగా వదులైంది. గదువ తనంతట తానే ఆమె అరచేతిలో ఆనింది. ఆమె ఆ బరువును అలాగే మోస్తూ రెండోవైపు చేసింది.

మీసం అంచులు దిద్దేటప్పుడు మాత్రం ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇరవై దాటిన మీసం, నల్లగా, ఒత్తుగా. దాన్ని చూసి, తర్వాత దిద్దింది.

పటిక రుద్దినప్పుడు బుచ్చారెడ్డి పండ్లు బిగబట్టాడు. మండలేదు. చేత్తో చెంప తడుముకొని, చెయ్యి గొంతు దగ్గరికి దించి, మళ్ళీ తడుముకున్నాడు. గుడ్డ మీద ఎక్కడా రక్తపు మరక లేదు.

"మంట లేదు," అన్నాడు ఆశ్చర్యంగా, తనలో తనే.

కిష్టమ్మ అతని కాలిగోళ్ళు తీసి, పీటకు మొక్కి లేచింది. హన్మంత్‌రెడ్డి మంగలికిచ్చే కొత్త పంచెను తీసుకొని అలవాటు ప్రకారం ఈరన్న వైపు చాచాడు. ఈరన్న కదలలేదు.

"చేసిన చేతికి ఇయ్యుండ్రి పటేలా," అన్నాడు.

హన్మంత్‌రెడ్డి కాసేపు పంచెను అలాగే పట్టుకున్నాడు. తర్వాత దాన్ని కిష్టమ్మ చేతుల్లో పెట్టి, "మేర మీదే," అన్నాడు. "వెంకటన్నా, అన్నం తిని పో." సన్నాయి మొదలైంది.

*

ఇంటికి వచ్చాక కిష్టమ్మ గడప పక్కన కూర్చొని కొమ్ముపిడి కత్తిని వేడినీళ్ళతో కడిగింది. రేకుకు, పిడికి నడుమ సందులో చిక్కిన నురగను గుడ్డ కొసతో తీసింది. ఆరబెట్టి, నూనె రాసింది.

ఈరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కొంతసేపు కత్తినే చూశాడు.

"ఎట్ల తెగింది?" అన్నాడు.

"మెత్తగ," అంది. కొంచెం ఆగి, "కొన్ననాటి లెక్కనే ఉన్నది," అంది.

అతను తల ఊపాడు. పాత పంచెగుడ్డ ఆమె ఒళ్ళో ఉంది. ఆమె దాన్ని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. చివరికి దులిపి దండెం మీద ఆరేసింది. కత్తిని ఏమీ చుట్టకుండా పొదిలో మిగిలిన రెండింటి పక్కన పెట్టింది.

"కిష్టమ్మక్కా!" ఖాజా గడప అవతల నుంచి పిలిచాడు. "గట్టు మీద గడ్డి గట్లనే ఉన్నది. కొయ్యవా?"

"సకీనాబీ పంపిందా?"

"ఇయ్యాల గూడ గిట్లనే వస్తె ఇంట్లకు రానియ్యనన్నది."

అతని వెనక ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. ఆదివారం గుంజ పట్టుకొని నవ్వినవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. అతను కిష్టమ్మ వైపు చూడకుండా, తన మూతి తడుముకుంటూ చివర నిలబడ్డాడు.

"వరసల రాండ్రి," అంది కిష్టమ్మ. "బొడ్డేం కొయ్యను, భయపడకుండ్రి."

ఖాజా పగలబడి నవ్వాడు. ఈరన్న లేచి ఎడమచేత్తో గిన్నె తీసుకున్నాడు. నీళ్ళు కాగబెట్టడానికి లోపలికి పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఏ కత్తి తియ్యాలె?"

కిష్టమ్మ అప్పటికే ఖాజా చెంప మీద చెయ్యి పెట్టి వాలు చూస్తోంది.

"అదే," అంది.